ఝాన్సీ చుక్కలు

నాంచారమ్మ చేతులకు రెండు పనులు వచ్చు. పొద్దున్నే బిడ్డలకు నీళ్ళు పోస్తుంది, ఆ తరవాత మిరప యార్డుకు వెళ్ళి కాయలకు తొడిమలు తీస్తుంది. ఈ రెండు పనులకూ పొత్తు కుదరదని ఎవరినడిగినా చెబుతారు. కారం చేతులతో పసిగుడ్డును ముట్టుకుంటే ఇంకేమన్నా ఉందా! అందుకే ముప్ఫై ఏళ్ళుగా ఆమె సాయంత్రం ఇల్లు చేరగానే చేతులకు కొబ్బరినూనె పట్టించి, పుల్లమజ్జిగలో ముంచి, శనగపిండితో తోమి, అప్పటికీ మంట చల్లారక తడిగుడ్డలు చుట్టుకుని పడుకునేది. తెల్లారి లేచి వేలికొనను నాలుకకు తాకించి, చురుక్కుమనకపోతేనే బిడ్డ దగ్గరికి వెళ్ళేది. గుంటూరులో కోల్డ్ స్టోరేజీల వెనకనున్న ఆ వీధిలో రెండొందల మంది ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోయించుకుని పెరిగినవాళ్ళే. వాళ్ళలో కొందరికి మీసాలొచ్చాయి, కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి.

ఝాన్సీ ఆమె ఒక్కగానొక్క కూతురు. ఆ తడిగుడ్డలు చూస్తూ పెరిగింది. యార్డులో మిరప బస్తాలు మోసిన తండ్రి ఘాటుకు దగ్గి దగ్గి పోయేనాటికి పదో తరగతిలో ఉంది. ఆ రోజే అనుకుందో, తరవాత అనుకుందో గాని, పంతం పట్టి చదివి, బైపాస్ పక్కనున్న పరిశోధనశాలలో సైంటిస్టయింది. ఆరేళ్ళు తిండీ నిద్రా మానుకుని ఒక మందు కనిపెట్టింది. నెలకోసారి ముక్కులో రెండు చుక్కలు వేసుకుంటే కారం మండదు, ఘాటుకు దగ్గు రాదు.

మొదటిసారి మందు వేయించుకోవడానికి నాంచారమ్మ ఆ పరిశోధనశాలకు వెళ్ళినప్పుడు, ఝాన్సీ తెల్లకోటులో ఎదురొచ్చి కుర్చీ వేసింది.

"ఒంట్లో నరాల చివర చిన్న చిన్న తలుపులుంటాయమ్మా. మిరపకాయలో కారం ఒక తలుపు తోసుకుని లోపలికొచ్చిద్ది. అప్పుడే మంట. నా చుక్కలు ఆ తలుపుకు గొళ్ళెం పెడతాయి."

"మరి నిప్పు ఏ తలుపులోంచి వచ్చిద్దే?" అంది నాంచారమ్మ.

చదువు లేకపోయినా ఆమెకు బుర్ర ఉంది. ఝాన్సీ చేతిలో సీసా ఒక్క క్షణం ఆగింది.

"అదే తలుపులోంచి. అందుకే గొళ్ళెం పూర్తిగా బిగించం, ఓరగా ఉంచుతాం. కారం ఆగిద్ది, నిప్పు మాత్రం తెలిసిద్ది. తెలుస్తందో లేదో నెలనెలా నేనే పరీక్ష చేస్తాగా."

ఆ పరీక్షకు ఇనప పలక ఒకటి ఉంది. అరచెయ్యి దాని మీద పెట్టాలి, పలక మెల్లగా వేడెక్కుతుంది, కాలినట్టు అనిపించగానే చెయ్యి తీసెయ్యాలి. పక్కన చిన్న తెర మీద అంకెలు నడుస్తుంటాయి. నలభై మూడు దాటగానే ఎర్రలైటు వెలుగుతుంది. మామూలు మనిషి దాదాపు అక్కడే చెయ్యి తీసేస్తాడట.

"తెలుస్తందా అమ్మా?"

"తెలియకేం, చుర్రుమంది," అని నాంచారమ్మ చెయ్యి లాక్కుంది. ఆ మొదటిసారి అది నిజమే.

మొదటి నెల ఆ వీధికి పండగే వచ్చింది. నలభై రెండు మంది ఆడవాళ్ళు చుక్కలు వేయించుకున్నారు. మూతికి గుడ్డ కట్టుకోకుండా పని చేశారు, పని మధ్యలో కళ్ళు నులుముకున్నారు, ఇంటికెళ్ళి పిల్లల్ని ముద్దు పెట్టుకున్నారు. మందుకు పుస్తకాల్లో ఏదో పెద్ద పేరుంది గాని ఆ వీధిలో అది ఝాన్సీ చుక్కలు. పక్కింటి హుసేన్‌బీ అయితే చేతులు రెండూ తిప్పి చూసుకుని, "మనకిక చేతులూ కాలవు, ఆకులతో పనీ లేదు నాంచారక్కా!" అని పడీ పడీ నవ్వింది. నాంచారమ్మ ఆ రాత్రి తడిగుడ్డలు చుట్టుకోకుండా పడుకుంది. ముప్ఫై ఏళ్ళ తరవాత హాయిగా నిద్ర పట్టింది.

మూడో నెలకు గోంగూర పచ్చడిలో కారం చాల్లేదనిపించింది. ఇంకో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి నూరింది. ఆదివారం భోజనానికి వచ్చిన అల్లుడు ఒక్క ముద్ద తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మర్యాద కొద్దీ రెండో ముద్దా తిన్నాడు పాపం. అయిదో నెలకు టీ పొయ్యి మీంచి దించి అలాగే గటగటా తాగేయడం మొదలైంది. నాలుక మీద తోలు లేచింది, అది మాత్రం అద్దంలో చూసుకుంటేనే తెలిసింది. ఏడో నెలలో పలక మీద చెయ్యి పెడితే వేడి లీలగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టు వచ్చింది. ఎనిమిదో నెలలో అదీ రాలేదు. ఎర్రలైటు వెలిగింది. నాంచారమ్మ లైటును చూసి చెయ్యి తీసింది.

"తెలుస్తందా అమ్మా?"

"తెలుస్తంది."

బయటికొచ్చాక వేపచెట్టు కింద మిగతా ఆడవాళ్ళంతా ఉన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చివరికి హుసేన్‌బీయే నోరు విప్పింది.

"నువ్వూ లైటు చూసే తీశావా అక్కా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇద్దరు కాదు, ముగ్గురు కాదు, సగానికి పైగా ఆడవాళ్ళది అదే వరస. తెలియట్లేదని చెబితే మందు ఆపేస్తారు, మళ్ళీ ఆ మంట. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఝాన్సీ వాళ్ళు ఎత్తుకు పెంచిన పిల్ల. ఆ వీధి నుంచి పెద్ద చదువు చదివింది ఆమె ఒక్కతే. ఆమె పెట్టే పరీక్షను వాళ్ళు తమకు పెట్టిన పరీక్ష అనుకోలేదు, ఆమెకు ఎవరో పెట్టిన పరీక్ష అనుకున్నారు. మన పిల్ల ఫెయిలవకూడదని అనుకున్నారు. ఎర్రలైటు వెలగ్గానే తీసేయండర్రా, మరీ ముందు తీస్తే అనుమానమొచ్చిద్ది అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పిచ్చి తల్లులు! పరీక్ష పాస్ చేయించాలనుకున్నారు గాని, అది ఏం పరీక్షో ఆలోచించలేదు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడిద్ది. ఈ మాట ఇక్కడే ఉండాలి," అని నాంచారమ్మ అందరి చేతా ఒట్టు వేయించింది.

చుక్కలు మొదలైన పదో నెలలో ఝాన్సీ ఆడపిల్లను కన్నది. ఇదిగో, అసలు కష్టం ఇక్కడ మొదలైంది.

బిడ్డను మొదటిసారి చేతుల్లో పెట్టినప్పుడు నాంచారమ్మ గుండెకు హత్తుకుని కళ్ళు మూసుకుంది. రెండొందల మంది పిల్లల్ని అలా హత్తుకున్న మనిషి. ఆ వెచ్చదనం ఎలా ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. చేతుల్లో బరువు తెలిసింది, మెడ కింద మెత్తగా ఊపిరి ఆడటం తెలిసింది. వెచ్చదనం మాత్రం రాలేదు. సొంత మనవరాలు చేతుల్లో ఉంది, పిండిముద్దను ఎత్తుకున్నా ఒకటే. ఆమెకు ఏడుపొచ్చింది. చూసినవాళ్ళు సంతోషంతో ఏడుస్తోందనుకున్నారు.

మరి నీళ్ళెవరు పోయాలి? నాంచారమ్మ ఇంట్లో బిడ్డకు ఇంకెవరో వచ్చి నీళ్ళు పోస్తే వీధి నవ్వదూ? ఎందుకమ్మా అని ఝాన్సీ అడగదూ? అందుకని ఆమె ఒక లెక్క పెట్టుకుంది. కాగులో మరిగిన నీళ్ళు రెండు చెంబులు, చన్నీళ్ళు ఎనిమిది చెంబులు. మొదటి రోజు ఆ పాళ్ళు సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి, "నీ పిల్లకు నీళ్ళెట్టా ఉండాలో నువ్వూ నేర్చుకో," అని ఝాన్సీ చేతనే ముట్టించి చూసింది. సరిగ్గా ఉన్నాయంది. ఆ రోజు నుంచి రోజూ అదే పాళ్ళు. నలభై రోజులు ఒక్క పొరపాటు జరగలేదు. తప్పని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది. ఆ మాట దాచడం దేనికి!

ఒక్కసారి దొరికిపోబోయింది. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గిన్నెను ఒట్టి చేతులతో దించుతుంటే ఝాన్సీ చూసి కేకేసింది.

"అమ్మా! మసిగుడ్డేదీ?"

పరుగున వచ్చి చేతులు తిప్పి చూసింది. వేళ్ళ చివర తోలు తెల్లబడి గట్టిపడింది. ఝాన్సీ ఆ వేళ్ళు వదల్లేదు.

"నిజం చెప్పు. వేడి తెలుస్తందా నీకు?"

నాంచారమ్మ కూతురి మొహంలోకి చూసింది. నిద్రలేక కళ్ళ కింద నల్లగా ఉంది. మరో పది రోజుల్లో హైదరాబాదు నుంచి నిపుణులు వచ్చి చూసి సరేనంటే, ఝాన్సీ చుక్కలు రాష్ట్రంలోని యార్డులన్నిటికీ వెళతాయి. ఆ పది రోజుల కోసం ఈ పిల్ల ఆరేళ్ళు బతికింది.

"తెలుస్తందే. ముప్ఫై ఏళ్ళు పొయ్యి దగ్గర కాలిన చేతులు, అలవాటు. గమ్మున పోయి పడుకో."

"అమ్మయ్య," అంది ఝాన్సీ.

ఆ అమ్మయ్య కాస్త తొందరగానే వచ్చింది. ఇంకొక్కసారి అడిగుంటే చెప్పేసేదేమో. కూతురు మళ్ళీ అడగలేదు, తల్లి చెప్పలేదు.

నిపుణులు వచ్చే రోజు రానే వచ్చింది. ఏప్రిల్ నెలాఖరు. పొద్దున ఎనిమిదింటికే వస్తామన్నవాళ్ళు పదకొండు దాటాక దిగారు, ముగ్గురు. పెద్దావిడ పేరు సరళాదేవి, నెరిసిన జుట్టు, తక్కువ మాట. వీధిలోనే పరీక్ష చూస్తామన్నారని నాంచారమ్మ ఇంటి పంచలో బల్ల వేసి, పలక పెట్టి, ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టారు. ఝాన్సీ అటూ ఇటూ తిరుగుతోంది. చీర కొంగు చెమటకు తడిసి వీపుకు అంటుకుంది.

ఈ హడావిడిలో బిడ్డకు నీళ్ళు పోయలేదు. రోజూ ఏడింటికల్లా స్నానం చేసి సాంబ్రాణి పొగలో నిద్రపోయే పిల్ల, పదకొండున్నర దాకా ఏం ఊరుకుంటుంది? గుక్కపట్టి ఏడ్చింది.

"మీరు కానివ్వండి. దీనికి రెండు చెంబులు పోసి పడుకోబెట్టొస్తా. నన్ను ఆఖర్న పిలవండి," అని నాంచారమ్మ పెరట్లోకి తీసుకెళ్ళింది.

కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. రోజూ అయితే తెల్లవారుజామున బోరింగు కొట్టి తెచ్చిన చన్నీళ్ళు బకెట్లో ఉంటాయి. ఆ రోజు వచ్చినవాళ్ళ కాళ్ళు కడుక్కోవడానికీ, గ్లాసులు కడగడానికీ అవి కాస్తా అయిపోయాయి. నాంచారమ్మ డాబా మీది ట్యాంకు కుళాయి తిప్పి బకెట్టు నింపింది. ఏప్రిల్ ఎండలో, మిట్టమధ్యాహ్నం వేళకు, నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు ఎలా ఉంటాయో గుంటూరులో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ కుళాయి కింద చెయ్యి పెట్టినవాళ్ళు అబ్బా అని వెనక్కి లాక్కుంటారు. నాంచారమ్మకూ తెలుసు, పోయినేడాది వేసవి దాకా. ఇప్పుడు ఆ నీళ్ళు ఆమె చేతుల మీద నుంచి పారాయి, తడి తెలిసింది, అంతే.

మరిగినవి రెండు చెంబులు. బకెట్లోవి ఎనిమిది చెంబులు. గంగాళంలో కలిపింది. ఆవిరి లేస్తోందా? ఆ ఎండలో ఆవిరి కనబడదు.

పీట మీద కూర్చుని చీర మోకాళ్ళ పైకి మడిచి కాళ్ళు చాపింది. బిడ్డను పక్కన చాప మీద ఉంచి, ముందుగా ఒక చెంబు తన కాళ్ళ మీద పోసుకుంది. నీళ్ళు పోసే మనిషికి అది మొదటి పాఠం. తన కాళ్ళు ఓర్చుకుంటేనే బిడ్డ ఓర్చుకుంటుంది. వాళ్ళమ్మ ఆమెకు అలాగే నేర్పింది. ముప్ఫై ఏళ్ళు ఆ కాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ రోజు కాళ్ళు ఏమీ చెప్పలేదు. అయినా అలవాటు కొద్దీ పోసుకుంది, అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగింది.

నూనె రాసిన బిడ్డను ఎత్తి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టబోయింది. కుడి చేత్తో చెంబు ముంచింది. పంచలోంచి ఝాన్సీ గొంతు వినబడుతోంది, "తెలుస్తందా పిన్నీ?" అని. "తెలుస్తంది," అంటోంది హుసేన్‌బీ.

బిడ్డ మడమ నాంచారమ్మ తడి కాలికి తగిలింది.

బిడ్డ కెవ్వున అరిచింది.

నీళ్ళు పోస్తే ఏడవని బిడ్డ ఉండదు. ఏడిస్తే ఏడవనీ, ఊపిరితిత్తులకు మంచిదని తల్లులకు చెప్పి పంపించేది ఆమే. మరొకరైతే ఆ అరుపు పట్టించుకోకుండా చెంబు వంచేసేవారే. కానీ నాంచారమ్మ చెవులకు ఏ చుక్కల మందూ పడలేదు. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, నీళ్ళ ఏడుపు, చీమ కుట్టిన ఏడుపు, ఆమెకు తెలియని ఏడుపు లేదు. ఇది వాటిలో ఏదీ కాదు. పైగా ఇంకా నీళ్ళు పడనే లేదు.

చెంబు అలాగే గాల్లో ఆగిపోయింది.

బిడ్డను ఒక్క ఉదుటున పైకెత్తింది. మడమ మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. తన కాళ్ళ వైపు చూసుకుంది. మోకాలి కింద నుంచి చర్మం నిగనిగలాడుతూ ఉబ్బుతోంది, ఒకచోట అప్పుడే పొక్కు లేస్తోంది. చూస్తుండగానే పక్కన ఇంకోటి లేచింది. నొప్పి లేదు. చిన్న చురుకు కూడా లేదు. ఎవరి కాళ్ళో చూస్తున్నట్టుంది. చెంబు చేతిలోంచి జారి బండ మీద దొర్లింది.

ఆ చెంబెడు నీళ్ళూ ఈ పిల్ల వీపు మీద పడాల్సినవి. ఆ ఆలోచన వచ్చేసరికి నాంచారమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది. ఓరి దేవుడా, ఎంత పని చేయబోయాను! కూతురి పరీక్ష పాస్ చేయించబోయి కూతురి బిడ్డను ఉడకబెట్టబోయాను!

పంచలోకి ఆమె బిడ్డతో వచ్చేసరికి సరళాదేవి కాగితాల మీద ఏదో రాస్తోంది. మొహంలో మెచ్చుకోలుంది. ఝాన్సీ ఏడాదిగా నవ్వని నవ్వు నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నాంచారమ్మ గడప దగ్గర ఒక్క క్షణం తడబడింది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఆ నవ్వు అలాగే ఉంటుంది. బిడ్డ వెక్కుతోంది.

"దీని మడమ చూడు," అని బిడ్డను ఝాన్సీ చేతుల్లో పెట్టి, వెళ్ళి పలక ముందు కూర్చుని అరచెయ్యి ఆనించింది.

"ఇంకా మీట నొక్కలేదమ్మా. ఏమైంది దీనికి? నీ కాళ్ళేంటి అట్టా..."

"నొక్కు," అంది నాంచారమ్మ.

ఝాన్సీ కదల్లేదు. సరళాదేవే చెయ్యి చాచి నొక్కింది. అంకెలు నడిచాయి. నలభై. నలభై రెండు. ఎర్రలైటు వెలిగింది. వరసలో కూర్చున్న ఆడవాళ్ళంతా ఆ లైటునే చూశారు. నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. చెయ్యి తీయలేదు. నలభై అయిదు. నలభై ఏడు.

"అమ్మా, తియ్యి!"

"ఎందుకు తియ్యాలే? వెలిగిందా లైటు? నాకేం తెలుసు!"

మిషను కూత పెట్టింది. ఝాన్సీ బిడ్డను ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో తల్లి మణికట్టు పట్టి లాగేసింది. అరచెయ్యి ఎర్రగా కమిలింది.

"తెలియట్లేదే తల్లీ," అంది నాంచారమ్మ. "నాలుగు నెల్ల నుంచీ తెలియట్లేదు. లైటు చూసి తీస్తన్నా. కుళాయి నీళ్ళు కాగి ఉన్నాయని తెలియలేదు. నా కాళ్ళు కాలినా తెలియలేదు. నువ్వడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పా."

హుసేన్‌బీ లేచి నిలబడింది. ఒట్టు వేసిన మనిషి కదా, కాసేపు కొంగు నలిపింది.

"నేనూ లైటు చూసే, మేడమ్," అంది. ఆ వెనక ఇంకొకామె లేచింది. ఆ తరవాత ఇంకొకామె.

ఝాన్సీ తిట్టలేదు, ఏడవలేదు. బిడ్డ మడమను పెదవులకు ఆనించుకుని, "నేనింకోసారి అడగాల్సింది," అంది. "అడిగితే ఏం చెప్తావో అని భయమేసి అడగలేదు."

మర్నాడు అందరికీ కళ్ళకు గంతలు కట్టి పరీక్ష చేశారు. నలభై రెండు మందిలో ఇరవై ఏడు మందికి వేడి తెలియలేదు. వేసిన రెండు చుక్కలు నెలలో కరిగిపోతాయని ఝాన్సీ అనుకుంది, అవి కరగక నరాల్లో పేరుకున్నాయి, ఓరగా ఉన్న తలుపు నెమ్మదిగా మూసుకుపోయింది. ఆ నివేదిక ఝాన్సీయే తన చేత్తో రాసి, కింద తన పేరు పెట్టింది. మందు ఆగిపోయింది. వీధిలో సగం మంది నాంచారమ్మను మెచ్చుకున్నారు, సగం మంది మా మంట మాకు మళ్ళీ తెచ్చిపెట్టావని తిట్టారు. ఆమె కాళ్ళకు కట్లతో మంచం మీదే ఉండి రెండూ విన్నది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం హుసేన్‌బీ యార్డు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులు రెండూ గాల్లో విదిలిస్తోంది, కళ్ళ వెంట నీళ్ళు.

"మండుతున్నాయక్కా! నా చేతులు మండుతున్నాయి!" అని ఏడుస్తూ నవ్వింది.

నాంచారమ్మ మజ్జిగ గిన్నె తెచ్చి ఆమె చేతులు ముంచింది. తరవాత ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, ఒక మిరపకాయ తుంచి నాలుక మీద పెట్టుకుంది. గడ్డి పరక నమిలినట్టే ఉంది. కాసేపు నమిలి ఉమ్మేసింది.

మరుసటి ఆదివారం పొద్దున ఏడింటికి పెరట్లో పీట మీద ఝాన్సీ కూర్చుంది, చీర మోకాళ్ళ పైకి మడిచి, కాళ్ళు చాపి. సైంటిస్టే గాని ఆ కూర్చోవడమే రాలేదు. "నడుం వంచకే, నిటారుగా కూర్చో. మడమలు దగ్గరికి తే," అని వెనక కుర్చీలోంచి నాంచారమ్మ సాధిస్తోంది. బిడ్డ ఆమె ఒళ్ళో ఉంది, నూనె రాయించుకుని, వేళ్ళు చప్పరిస్తూ.

"ముందు నీ కాళ్ళ మీద పోసుకో."

ఝాన్సీ పోసుకుంది.

"తెలుస్తందా?"

ఝాన్సీ నిజంగా చూసుకుంది.

"తెలుస్తందమ్మా. కొంచెం వేడి ఎక్కువగానే ఉంది."

"అయితే ఇంకో చెంబు చన్నీళ్ళు కలుపు. మళ్ళీ పోసుకో. ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

నాంచారమ్మ బిడ్డను కూతురి కాళ్ళ మీద పడుకోబెట్టింది. మడమ మీద మచ్చ దాదాపు మాసిపోయింది. ఝాన్సీ చెంబు ముంచి పైకెత్తింది. సన్నటి ధార బిడ్డ వీపు మీద పడింది, బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది. ఝాన్సీ బెదిరి ఆగిపోయి, వెనక్కి తిరిగి తల్లి మొహంలోకి చూసింది.

నాంచారమ్మ తల పక్కకు వంచి ఆ ఏడుపు విన్నది. పూర్తిగా విన్నది.

"ఇది నీళ్ళ ఏడుపే," అంది. "పొయ్యవే."